అంకాలమ్మ వెండి కళ్ళు

మేకలవారిపల్లె,
తర్లుపాడు దగ్గర,
10 ఫిబ్రవరి 1936

చిరంజీవి రాజ్యలక్ష్మికి నాయన మాలకొండయ్య దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. కందులు ఇల్లు చేరాయి. జొన్న కోతలు అయిపోవచ్చాయి. అమ్మ మోకాలి నొప్పి అట్లనే ఉంది. నువ్వు అడిగిన కుట్టు దారాలు ఇక్కడ దొరకలేదు. మార్కాపురం పోయినప్పుడు తెచ్చి పంపిస్తాను.

ఒక సంగతి ఉంది. వాళ్ళ నోటా వీళ్ళ నోటా వినేకంటే నేను రాస్తేనే మంచిది. అంకాలమ్మ తల్లి వెండి కళ్ళు కనపడడం లేదు. జాతర దగ్గరికొస్తున్నదని మీ అమ్మ వెండి సామాను తోమడానికి దేవుడి గదిలో పెట్టె దించింది. గొడుగు ఉంది, పాదాలు ఉన్నాయి, కళ్ళు లేవు. మీ తాత కాలం నుంచి ఆ పెట్టెకు కాపలా మన ఇల్లే. ఇన్నేళ్ళలో ఒక్క పూస పోలేదు.

ఊరంతా గుడి ముందు చేరింది. పిచ్చయ్య సంగతి నీకు తెలుసు గదా, పెద్దమనిషి అనిపించుకోవాలంటే ఎవరో ఒకరిని చిన్నబుచ్చాలి ఆయనకు. "ఏం మాలకొండయ్యా, అమ్మ తనే కళ్ళు మూసుకునిందా, నువ్వే మూయించినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

దేవుడి గది ఊడ్చేది మీ కాశమ్మత్త. మొగుడు పోయి మన పంచన చేరినప్పటి నుంచి ఆ పని ఆమెదే. అందుకని ఆమె చేత దీపం ఆర్పించారు. అమ్మవారి గడప మీద దీపం పెట్టి, "నేను ముట్టలేదు, ముట్టి ఉంటే నా ఇల్లు ఈ దీపం లాగ ఆరిపోవాల" అని చెప్పి అరచేత్తో ఆర్పింది. ఒక్క మాట తడబడలేదు. ఇక ఉగాది లోపల ఇంట్లో ఏ నష్టమూ జరగకపోతే ఆమె మాట నిజమైనట్టే. నువ్వేమీ బెంగ పెట్టుకోకు. పరీక్షలకు చదువుకో.

మీ నాయన

~

కాన్వెంటు బోర్డింగు,
17 ఫిబ్రవరి 1936

నాయనగారికి రాజ్యలక్ష్మి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. తోటలో కూర్చుని చదువుతుంటే సిస్టరు చూసి ఎందుకు ఏడుస్తున్నావని అడిగారు. చెప్పాను. "మీ ఊళ్ళో దీపం ఆర్పితే దొంగ తెలిసిపోతాడా?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాకు పదిమందిలో నోరు పెగలదని మీరు ఎప్పుడూ అంటారు. నిజమే. ఉత్తరంలో అయితే అడగగలను, అడుగుతున్నాను.

దేవుడి గదిలోకి అత్త ఒక్కతే పోతుందా? అమ్మ పోతుంది. మీరు పోతారు. సెలవులకు వస్తే నేను పోతాను. పెట్టె తాళంచెవి మీ మొలతాడుకు ఉంటుంది. మరి దీపం అత్త ఒక్కతే ఎందుకు ఆర్పింది? ఆమె పేరు ముందు ఎవరు చెప్పారు? మీ ఉత్తరంలో "ఆర్పించారు" అని ఉంది. ఎవరు ఆర్పించారో లేదు.

మనకు వరసకే ఆమె అత్త. కానీ నాకు విషజ్వరం వచ్చినప్పుడు అమ్మ భయపడి గుమ్మం బయట కూర్చుంటే, లోపల నా పక్కన పడుకున్నది ఆమె. ఆ మనిషి చేత తన ఇల్లు ఆరిపోవాలని అనిపించారు. ఆమెకు ఇల్లెక్కడ ఉంది నాయనా?

జవాబు త్వరగా రాయండి. దారాలు వద్దు.

రాజ్యలక్ష్మి

~

మేకలవారిపల్లె,
27 ఫిబ్రవరి 1936

చి. రాజ్యలక్ష్మికి దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఒళ్ళు మండింది. సిగ్గుతో చచ్చిపోయావా? సిస్టరమ్మ అడిగితే మన అమ్మవారి సంగతి చెప్పుకోవడానికి అంత సిగ్గేసిందా? రైల్వేలో తిరిగి నాలుగు ఊళ్ళు చూసినవాడని మీ మేనమామ ఉమామహేశ్వర్లు మాట విని నిన్ను అక్కడ చేర్చాను. "పిల్లను వాళ్ళలో కలిపేసుకుంటారు, చూస్తుండు" అని ఊళ్ళో అంటే కొట్టిపారేశాను. ఇప్పుడు నువ్వే వాళ్ళ మాట నిజం చేస్తున్నావు.

విను. మొన్న మంగళవారం మన దాపటెద్దు చచ్చిపోయింది. పొద్దున తలుగు తెంపుకుని పోయింది. వెతికేసరికి కోసిన జొన్న చేలో పడి ఉంది. కడుపు ఉబ్బి, నోట్లో నురగ. ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది కాశమ్మే.

సాయంత్రానికి పిచ్చయ్య నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. "ఉగాది ఇంకా రానే లేదు. దీపం ఆర్పినామె ఉండే ఇంట్లో ఎద్దు కూలింది. అమ్మ ఇంతకంటే ఎట్ల చెప్తాది?" అన్నాడు. నేనేం అనగలను? నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, పలకరించకూడదు అని తీర్మానం చేశారు. రాచర్ల నుంచి ఆమె తమ్ముడు నాగేశ్వర్లు వచ్చి అక్కను తీసుకుపోయాడు. పోయేటప్పుడు, "అన్నా, రాజికి రాయొద్దు, పరీచ్చలుంటాయి" అన్నది.

ఎవరు ముందు పేరు చెప్పారని అడిగావు. నేనే. పెట్టె దగ్గర మసిలేది కాశమ్మే అని నేనే అన్నాను. ఆమె తీసిందని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ఇది నీకే చెప్తున్నాను, ఎక్కడా అనకు. జాతర ముంచుకొస్తున్నది. ఎవరో ఒకరి పేరు బయటికి రాకపోతే నా పేరు వచ్చేది. మన ఇంటి పేరు పోయేది. ఆమె తీయకపోతే అమ్మవారే కాపాడుతుందనుకున్నాను. కాపాడలేదు. ఈ జన్మలో చేయకపోతే వెనకటి జన్మలో ఏదో చేసి ఉంటుంది. చేయని తప్పుకు లోకంలో ఎవరికీ శిక్ష పడదు.

మీ నాయన

~

కాన్వెంటు బోర్డింగు,
6 మార్చి 1936

నాయనగారికి నమస్కారాలు.

నేను సిగ్గుపడ్డది అమ్మవారి గురించి కాదు. అత్తను అట్లా నిలబెట్టినందుకు సిగ్గుపడ్డాను. ఆ మాట వివరంగా రాయలేదు, అది నా పొరపాటు. ఇక్కడ నన్ను ఎవరూ దేనిలోనూ కలుపుకోలేదు. వాళ్ళ మత పాఠం జరిగేటప్పుడు మన పిల్లలం వెనక బల్ల మీద కూర్చుని జేబురుమాళ్ళకు అంచులు కుట్టుకుంటాం.

కోసిన జొన్న మోళ్ళకు లేచిన పిలకలు మేస్తే పశువు చస్తుందని మన ఊళ్ళో నడక రాని పిల్లకు కూడా తెలుసు. ఆ చేను పక్కకు పోతే నన్ను కూడా మీరు కేకలేసేవారు, దూడను ఇటు తోలుకురావద్దని. మన ఎద్దు చచ్చేసరికి మాత్రం ఊరంతా ఆ సంగతి మరిచిపోయింది. పోనీయండి. మీ నియమం ప్రకారమే మాట్లాడతాను.

దీపం ఆర్పినవాళ్ళ ఇంట్లో నష్టం జరిగితే ఆ ప్రమాణం అబద్ధం. అదే కదా నియమం? ఎద్దు ఎవరిది? మీది. కొట్టం మీది, చేను మీది. అయితే నష్టం జరిగింది నింద వేసిన మీకు. అమ్మవారు మాట్లాడింది మీతో. అట్లా కాదు, అది అత్త ఇల్లు కూడా అంటారా? అయితే ఆమె ఇంట్లోంచి ఆమెను ఎట్లా పంపారు? ఆ ఇంటి తప్పయితే అందులో మీకూ అమ్మకూ నాకూ వాటా ఉండాలి కదా. ఎద్దు చచ్చినప్పుడు అది ఆమె ఇల్లు. ఆమెను గెంటినప్పుడు మీ ఇల్లు. ఒక్క రోజులో ఎన్నిసార్లు మారుతుంది నాయనా?

ఇక్కడి న్యాయం గొప్పదని నేను అనుకుంటున్నానని మీకు అనుమానం. ఒకటి చెప్తాను. పోయిన నెల ప్రార్థన గదిలో మేరీమాత బొమ్మ చెయ్యి విరిగింది. ఎవరు చేశారో ఒప్పుకుంటే క్షమిస్తామన్నారు. ఒప్పుకునేదాకా ఎవరికీ అన్నం లేదన్నారు. చిన్నపిల్లలు ఆకలికి ఏడుస్తుంటే సావిత్రి అనే అమ్మాయి లేచి నేనే అన్నది. సిస్టరు ఆమెను దగ్గరకు తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టారు. బొమ్మ విరిగినప్పుడు సావిత్రి నా పక్కన కూర్చుని కుట్టుకుంటున్నది. నాకు నోరు రాలేదు. పలక మీద రాసి సిస్టరు బల్ల మీద పెట్టాను. చదివి, తడిగుడ్డతో తుడిచి, "క్షమించడం అయిపోయాక విచారణ ఎందుకమ్మా?" అన్నారు. ఆ పలక మన మార్కాపురం పలకే.

చేయని తప్పు ఒప్పుకున్నదానికి ఇక్కడ ముద్దు దొరికింది. చేయని తప్పు ఒప్పుకోనిదానికి అక్కడ వెలి దొరికింది. అసలు ఎవరు చేశారో ఇక్కడా ఎవరికీ పట్టలేదు, అక్కడా పట్టలేదు.

వెనకటి జన్మ అన్నారు. వెనకటి జన్మలో అత్త ఏం చేసిందో మీకు తెలియదు. ఈ జన్మలో మీరు ఏం చేశారో మీరే రాశారు. అత్తను ఇంటికి పిలిపించండి.

రాజ్యలక్ష్మి

~

మేకలవారిపల్లె,
14 మార్చి 1936

రాజ్యలక్ష్మికి,

వాటా అంటున్నావా? కాశమ్మకు ఇంట్లో వాటా రాసివ్వమంటావా? నాగేశ్వర్లు నీకేమైనా ఉత్తరం రాశాడా? ఈ మాట వాడి నోట్లోది, నీది కాదు. పంచన చేరిన మనిషికి ఇంట్లో వాటా ఏ శాస్త్రంలో ఉంది?

నిన్ను చదివించింది నన్ను బోనులో నిలబెట్టి ప్రశ్నలు వేయడానికి కాదు. పిచ్చయ్య ఊరి ముందర అడిగిన దానికంటే నువ్వు అడిగింది ఎక్కువ నొప్పి పెట్టింది. నేను అమ్మవారి పెట్టె కాపలావాణ్ణి. నువ్వు ఆ ఇంటి బిడ్డవు. ఆ సంగతి గుర్తుంచుకుని రాయి.

ఈ ఏటితో చదువు చాలు. వేసవికి మీ మేనమామ వచ్చి నీ పెట్టే బేడా తీసుకొస్తాడు.

జాతరకు కొత్త కళ్ళు నా ఖర్చుతో చేయిస్తున్నాను. మార్కాపురం కంసాలి పుల్లయ్య వస్తానన్నాడు.

మీ నాయన

~

కాన్వెంటు బోర్డింగు,
21 మార్చి 1936

నాయనగారికి,

నేను వాటా అన్నది తప్పులో. ఇంట్లో కాదు. నాగేశ్వర్లు చిన్నాయన నాకు ఉత్తరం రాయలేదు. నేనే అత్తకు రాశాను, ఆయన చదివి వినిపిస్తాడని. జవాబు రాలేదు.

అమ్మ ఒక్క ముక్క కూడా రాయించలేదు. అత్త వండితే తిన్నది, అత్త కాలు పట్టితే నిద్రపోయింది. ఆ మనిషిని గడప దాటిస్తుంటే అమ్మ నోట్లో ఏముంది? మీ మీద కంటే నాకు అమ్మ మీద కోపంగా ఉంది. ఈ మాట ఆమెకు చదివి వినిపించండి.

చదువు మాన్పిస్తే మానేస్తాను. అడిగింది మాత్రం మానను.

రాజ్యలక్ష్మి

~

మేకలవారిపల్లె,
6 ఏప్రిల్ 1936

చి. రాజ్యలక్ష్మికి నాయన దీవించి రాసేది.

కళ్ళు దొరికాయి.

శనివారం పుల్లయ్య కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. అమ్మవారి మొహం నిండా పసుపు, సిందూరం, నూనె అట్ట కట్టి ఉంది. "కొలత అందాలంటే పైది కొంచెం మెత్తబడాల" అని పూజారి బాలయ్య చేత గోరువెచ్చటి ఆముదం పోయించాడు. పోయగా పోయగా అట్ట పెళ్ళలుగా ఊడి పడింది. పుల్లయ్య వేలు పెట్టి తడిమి, "అయ్యా, ఇదేంది? లోపల చల్లగా తగలతాంది" అన్నాడు. తుడిస్తే వెండి. "కొత్త కళ్ళు ఎవురికయ్యా? పాతయి పెట్టుకోనే కూచోనుండాది గదా అమ్మ!" అన్నాడు. బాలయ్య అక్కడికక్కడే బోర్లా పడి మొక్కాడు.

ఎట్లా జరిగిందంటే, పోయిన జాతరలో చివరన గాలివాన వచ్చింది గదా, అందరం పరుగెత్తాం. కళ్ళు తీయాల్సింది బాలయ్య, పెట్టెలో పెట్టాల్సింది నేను. ఆయన తీసి ఇచ్చాడని నేను, నేను తీసుకుపోయానని ఆయన. ఆ మర్నాడే బాలయ్య వాళ్ళ అన్న చనిపోయాడు. మైల తీరేదాకా ఆయన గుడి తొక్కలేదు. అప్పటికి కళ్ళ మీద జనం చల్లిన జాతర పసుపు రాయిలాగా బిగిసింది. అమ్మ మొహాన్ని గోటితో గీకకూడదు. శుక్రవారం శుక్రవారం దాని మీదనే మళ్ళీ పూశారు. అంతే.

చూశావా, అమ్మవారు కాశమ్మ మాట నిలబెట్టింది. దీపం అబద్ధం చెప్పలేదు. మరి ఎద్దు ఎందుకు చచ్చిందని నువ్వు అడుగుతావు. కళ్ళు కప్పేసినందుకు అమ్మకు కోపం వచ్చి ఎద్దును తీసుకుందని పిచ్చయ్య చెప్పాడు. అదీ నిజమే అనిపిస్తున్నది.

కాశమ్మను మళ్ళీ కలుపుకోవడానికి పెద్దలు ఒప్పుకున్నారు. జాతర నాడే శుద్ధి. కాచిన బంగారం నాలుకకు అంటించి, పంచగవ్యం ఇచ్చి, నలుగురికీ భోజనం పెడతారు. ఆ భోజనం నేనే పెడుతున్నాను. ఇక నీకు కోపం లేదు గదా?

మీ అమ్మ సంగతి. నీ ఉత్తరం చదివి వినిపించాను. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత తెలిసింది, కాశమ్మ పోయినప్పటి నుంచి నాకు చెప్పకుండా ప్రతి వారం రాచర్లకు జొన్నలు, బెల్లం పంపిస్తున్నదట. వెలి వేసినామెకు. పిచ్చయ్యకు తెలిస్తే మనల్ని కూడా వెలి వేసేవాడు.

మీ నాయన

~

కాన్వెంటు బోర్డింగు,
12 ఏప్రిల్ 1936

నాయనగారికి,

ముందు అమ్మకు చెప్పండి. నేను అన్నది తప్పు, పాదాలు పట్టుకుంటున్నానని చెప్పండి. ఉత్తరం రాయించలేదని ఆమెకు మనసే లేదనుకున్నాను.

ఇక మీతో.

అత్త దీపం ఆర్పింది ఆ కళ్ళ ముందే. అవి పోయాయని అందరూ కలిసి ఆమె చేత, వాటి ఎదురుగా, తన ఇల్లు ఆరిపోవాలని అనిపించారు. ఆ సంగతి చదివి నేను ఉత్తరం మడిచి గంటసేపు బావి దగ్గర నిలబడ్డాను. మీరు "అంతే" అని రాశారు.

శుద్ధి ఎవరికి? దొంగతనమే జరగలేదు. దొంగ లేదు. వెలి వేసింది ఊరు. తప్పు పేరు చెప్పింది మీరు. పసుపు పూసింది వాళ్ళు, మరిచిపోయింది మీరూ బాలయ్య తాతా. వీళ్ళందరూ భోజనానికి కూర్చుంటారు, ఏమీ చేయనామె నాలుక కాల్చుకోవాలి! ఆమె నాలుక ఏం చేసింది? నేను ముట్టలేదు అన్నది. అది నిజం. బంగారం కాచి నాలుకకు అంటించాలంటే కాశమ్మ పేరు చెప్పిన నాలుక ఒకటి ఉంది కదా, దానికి అంటించరేం?

కోపం లేదు గదా అని అడిగారు. నాయనా, నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఈరోజు ఈస్టరు. గంటలు మోగుతున్నాయి. సిస్టరుతో సంగతి చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుని, తప్పు చేయకుండా బాధపడేవాళ్ళు దేవుడికి చాలా దగ్గరివాళ్ళు, మీ అత్తను ఓర్చుకోమని రాయి అన్నారు. మీరు వెనకటి జన్మ అంటారు, సిస్టరు దేవుడికి దగ్గర అంటారు. మీ ఇద్దరికీ ఎక్కడా పొత్తు కుదరదు, అత్తను నోరు మూసుకోమనడంలో తప్ప.

శుద్ధి ఆపించండి. ఊరి ముందర నిలబడి, తప్పు నాది అని చెప్పండి. అత్త ముందు చెప్పండి. అంతకంటే ఏమీ అడగను.

రాజ్యలక్ష్మి

~

మేకలవారిపల్లె,
22 ఏప్రిల్ 1936

చి. రాజ్యలక్ష్మికి నాయన దీవించి రాసేది.

జాతర అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరో ఒకరు ఎట్లా అయినా నీకు చెప్తారు.

నీ ఉత్తరం జాతర ముందు రోజు అందింది. మడిచి జేబులో పెట్టుకున్నాను. పొద్దున నాగేశ్వర్లు అక్కను తీసుకొచ్చాడు. చిక్కిపోయింది. గుడి ముందు జనం పక్కకు తప్పుకున్నారు, తగలకుండా. పిచ్చయ్య పెద్దరికంగా, "రా కాశమ్మా, శుద్ధికి అన్నీ సిద్ధంగా పెట్టినాం" అన్నాడు.

"నాకెందుకు పిచ్చయ్యన్నా శుద్ధి? నాకు మైల యాడ అంటింది?" అన్నది.

"పద్ధతి ఒకటుండాది గదమ్మా."

"పద్ధతే అడుగుతాండా." నా వైపు తిరిగింది. "అన్నా, నేను దీపం ఆర్పినా గదా, ఇప్పుడు నువ్వు ఆర్పు. కాశమ్మే తీసిందని నిజంగా నమ్మి దాని పేరు చెప్పినా అని చెప్పి ఆర్పు. నమ్మి చెప్పినావంటే అది పొరపాటు. పొరపాటు ఎవురైనా పడతారు. నాలుక కాల్చుకుంటా, ఇంటికొస్తా, ఎప్పటి మాదిరి దేవుడి గది ఊడుస్తా. నమ్మకుండా చెప్పినావంటే నాతో చెప్పు."

బాలయ్య గడప మీద దీపం పెట్టాడు. అమ్మవారి మొహం శుభ్రంగా ఉంది, కళ్ళు తళతళ మెరుస్తున్నాయి. నేను మాటలు మొదలుపెట్టాను. "కాశమ్మే తీసిందని నేను" అన్నాను. చెయ్యి లేపాను. ఆర్పేవాణ్ణో కాదో నాకే తెలియదు తల్లీ. అంతలో దక్షిణం నుంచి సుడిగాలి లేచింది. దుమ్ము కళ్ళల్లో పడింది. కళ్ళు తెరిచేసరికి దీపం ఆరిపోయి ఉంది.

"అమ్మే ఆర్పింది! మాలకొండయ్యకు శ్రమ లేకుండా అమ్మే ఆర్పింది!" అని పిచ్చయ్య అరిచాడు. జనమంతా అందుకున్నారు. డప్పులు మోగాయి. నాకు పసుపు పూసి దండ వేశారు.

కాశమ్మ కదల్లేదు. "మళ్ళా ఎలిగించండి. గాలి చేసిన ప్రమాణం నాకొద్దు" అన్నది. అమ్మ ఆర్పిన దీపం మళ్ళీ వెలిగించడం అపచారమని బాలయ్య అన్నాడు. ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ పోయి నిప్పు అడిగింది. ఎవరూ ఇవ్వలేదు. వెలిలో ఉన్న మనిషికి నిప్పు ఇవ్వకూడదు గదా. నేను కూడా ఏమీ అనలేదు. డప్పుల మోతలో ఎప్పుడు పోయిందో చూడలేదు. మీ అమ్మ చూసింది.

ఆ రోజు నుంచి ఊళ్ళో నాకు మర్యాద పెరిగింది. వీధిలో పోతుంటే పిచ్చయ్య కూడా లేచి నిలబడుతున్నాడు.

నువ్వు వచ్చే ఏడు కూడా చదువుకో. మీ మేనమామతో చెప్పాను. అమ్మవారే తేల్చిన సంగతిని ఇక తవ్వకు.

మీ నాయన

~

కాన్వెంటు బోర్డింగు,
27 ఏప్రిల్ 1936

నాయనగారికి రాజ్యలక్ష్మి నమస్కారాలు.

ఆర్పేవాణ్ణో కాదో నాకే తెలియదు అని రాశారు. అక్కడికి వచ్చేసరికి మీ మీద కోపం పోయింది. ఆ కాగితం కింద నా చదువు సంగతి చూశాక మళ్ళీ వచ్చింది. చదువు కావాలి నాకు. అయితే దీనికి బదులుగా వద్దు.

ఎద్దు చస్తే అత్త తప్పు అయింది. గాలి వీస్తే మీ ఒప్పు అయింది. అమ్మవారు రెండుసార్లు మాట్లాడిందనే అనుకుందాం. రెండుసార్లూ ఆమె మాటకు అర్థం చెప్పింది పిచ్చయ్య పెదనాయనే. నిజానికి మన వైపు ఏప్రిల్‌లో సుడిగాలి లేవని రోజు ఏది? మీరు చెయ్యి లేపిన రోజే లేచిందా?

అత్త మిమ్మల్ని శపించలేదు. శిక్ష అడగలేదు. నమ్మి చెప్పావా, నమ్మకుండా చెప్పావా అని అడిగింది. జవాబు ఫిబ్రవరిలో మీరు నాకు రాశారు. ఎక్కడా అనకు అన్నారు. నేను ఎక్కడా అనలేదు, అనను. ఆ మాట మీ నోటితో అత్త వినాలి. అందుకే నాకు ఈ కోపం. మీరు చెడ్డవారనుకుంటే ఇన్ని ఉత్తరాలు రాసేదాన్ని కాదు.

గురువారం మాకు సెలవులు ఇస్తున్నారు. మేనమామను పంపవద్దు. సావిత్రి వాళ్ళ నాయన నంద్యాల దాకా పోతున్నాడు, వాళ్ళతో వస్తాను. బండి తర్లుపాడులో ఆగుతుంది. అమ్మను స్టేషనుకు రావద్దనండి, నేను దిగను. గిద్దలూరులో దిగి, రాచర్ల పోయి, అత్తను తీసుకుని వస్తాను. రానంటే అక్కడే ఉంటాను, వచ్చేదాకా.

వచ్చిన తర్వాతి శుక్రవారం పొద్దున మేమిద్దరం అంకాలమ్మ దగ్గర ఉంటాం. వెలి వేసినామెను ముట్టుకుంటే నాకూ వెలి అంటారు. అననీయండి. పదిమందిలో నాకు నోరు పెగలదు. ఆ రోజు కూడా పెగలకపోవచ్చు. అప్పుడు ఊరికే అత్త పక్కన నిలబడతాను.

ప్రమిద, నూనె మీరు తీసుకురండి. ఊరంతట్లో ఎవరూ నిప్పు ఇవ్వలేదన్నారు కదా, అగ్గిపెట్టె నేను తెస్తున్నాను. గాలి వీస్తే మళ్ళీ వెలిగిస్తాను.

మీ బిడ్డ,
రాజ్యలక్ష్మి